ఇంపోర్ట్‌లోకి 'మ్' ఎలా వచ్చింది?

(దృశ్యం: చెన్నై బీచ్ స్టేషన్ బయట. వెనక కంటైనర్ లారీలు వెళ్తున్నాయి.)

నమస్కారం. ఇది చెన్నై బీచ్ స్టేషన్, రోడ్డుకు అవతల హార్బర్. ఈ లారీల్లో కొన్ని ఇంపోర్ట్ సరుకువి, కొన్ని ఎక్స్‌పోర్ట్‌వి. మా మేనకోడలు ఈ రెండు మాటల్నీ బట్టీ పట్టి, టెన్షన్‌లో ఒకదాని బదులు ఇంకొకటి రాసేసి ఏడ్చింది. ఆ పిల్ల కోసమే ఈ వీడియో.

లాటిన్‌లో 'పోర్తారే' అంటే మోయడం. ముందు 'ఇన్' చేరితే లోపలికి, 'ఎక్స్' చేరితే బయటికి, 'ట్రాన్స్' చేరితే ఈ చోటి నుంచి ఆ చోటికి. రేవు అనే అర్థంలో వచ్చే పోర్ట్ మాత్రం 'పోర్తుస్' అనే వేరే మాట నుంచి వచ్చింది.

మనకిది అలవాటైన పద్ధతే. ఆహారం, విహారం, సంహారం, పరిహారం. వెనక ఒకే ధాతువు. ముందున్న ఉపసర్గ మారేసరికి తిండి కాస్తా చంపడమైంది!

మరి 'ఇన్' కాస్తా 'ఇమ్' ఎందుకైంది? పంట అనండి. ఇప్పుడు పంపు అనండి. రాసేది ఒకే సున్న. 'ప' వచ్చేసరికి ముందుగానే పెదవులు మూసుకున్నాయి కదా? లాటిన్ వాళ్ల నోరూ అంతే.

(దృశ్యం: పెట్రోల్ ట్యాంకర్ వెనక భాగం.)

ఇక్కడ జాగ్రత్త. లాటిన్‌లో ఇంకో 'ఇన్' ఉంది. అది 'కాదు' అంటుంది, పక్క అక్షరాన్ని బట్టి అదీ మారుతుంది: ఇంపాసిబుల్, ఇల్లీగల్, ఇర్రెగ్యులర్. మరి ట్యాంకర్ మీది 'ఇన్‌ఫ్లేమబుల్' మాటేమిటి? మండదని కాదు, ఇట్టే అంటుకుంటుందని! అక్కడున్నది 'లోపలికి' అనే ఇన్. పొరబడితే ప్రాణం మీదికి వస్తుందనే 20వ శతాబ్దంలో భద్రతా సంస్థలు 'ఫ్లేమబుల్' అనే మాటను ప్రచారంలోకి తెచ్చాయి.

మనం ఇంటర్ చదివాం కదా, ఆ 'ఇంటర్', సంస్కృత 'అంతర్' అక్కాచెల్లెళ్లు. సంస్కృతం, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని 1786లో అక్కడి జడ్జి విలియం జోన్స్ కలకత్తాలో చెప్పాడు. తెలుగు ఆ కుటుంబానిది కాదు, దాని దారి వేరని 1816లో ఎల్లిస్ అనే ఇంగ్లీషు అధికారి ఈ మద్రాసులోనే వివరించాడు. ఆ మాట ఈ ఊళ్లో నిలబడి చెబుతుంటే నాకు ఒళ్లు పులకరిస్తోంది. ఉపసర్గలు మనకు సంస్కృతం నుంచి వచ్చాయి.

(దృశ్యం: ప్లాట్‌ఫాం మీదికి తాంబరం రైలు.)

1931 నుంచి ఈ దారిలో కరెంటు రైళ్లు నడుస్తున్నాయి. పేరు సబర్బన్. 'అర్బ్స్' అంటే నగరం. 'సబ్', మన 'ఉప' ఒకే మూలం నుంచి వచ్చినవి. సబర్బన్ అంటే, అక్షరాలా, ఉపనగర రైలు.