నమ్ అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది?

నమస్తే అండి. పన్ను పీకే ముందు డెంటిస్ట్ చిగురుకి ఇంజెక్షన్ ఇస్తారు కదా, కాసేపటికి పెదవి మీద వేలు పెట్టి నొక్కితే వేలికి పెదవి తగులుతుంది గానీ పెదవికి వేలు తగిలినట్టే ఉండదు. ఇంగ్లీషులో దాన్నే నమ్ అంటారు.

(స్క్రీన్ మీద: ఎన్, యు, ఎమ్, బి)

చివర బి రాస్తాం, పలకం. నిజానికి ఆ బి మొదట్లో లేనే లేదు. పాత ఇంగ్లీషులో నిమన్ అని ఒక క్రియ ఉండేది, పట్టుకోవడం, తీసుకోవడం అని దానర్థం. జర్మన్ నేర్చుకుంటున్నవాళ్లు వెంటనే పోల్చుకుంటారు, వాళ్ల నేమెన్ దీనికి చుట్టమే. ఆ నిమన్ నుంచే నోమెన్ వచ్చింది, అంటే 'పట్టుబడిన' అని. చలికో పక్షవాతానికో చిక్కి చచ్చుబడిన ఒంటిని మధ్యయుగాల్లో ఆ మాటతోనే చెప్పారు. స్పర్శ లేదు అనడం కాదు, ఏదో వచ్చి పట్టేసింది అనడం. మనం మెడ పట్టేసింది, నడుం పట్టేసింది అంటామే, ఆలోచన సరిగ్గా అదే, నాకు ఈ పదంలో బాగా నచ్చింది కూడా అదే.

బి సంగతికొస్తే, గొర్రెపిల్ల అనే అర్థమున్న లామ్, మూగ అనే అర్థమున్న డమ్ లాంటి మాటల్లో అది మొదటి నుంచీ ఉంది. వాటిని చూసి బొటనవేలు అనే అర్థమున్న థమ్‌కీ, దీనికీ కూడా తర్వాతి కాలంలో తగిలించారు.

మరి నిమన్ ఏమైంది? స్కాండినేవియా వాళ్ల భాష నుంచి టేక్ వచ్చి దాని చోటు ఆక్రమించింది. నిమ్ అనే రూపం మాత్రం దొంగతనం చేయడం అనే అర్థంతో చాలాకాలం బతికింది, షేక్‌స్పియర్ ఐదవ హెన్రీ నాటకంలో దొంగబుద్ధి ఉన్న సైనికుడి పేరు నిమ్ అని పెట్టింది అందుకే. చురుకైన అనే అర్థమున్న నింబుల్ కూడా ఈ కుటుంబమే, చటుక్కున అందిపుచ్చుకునేవాడు అన్నమాట. ఒకే వేరు నుంచి కదల్లేని స్థితికో మాట, చురుకుదనానికో మాట!

ఇక ఒక ముఖ్యమైన విషయం. డాక్టర్ దగ్గర చాలామంది సూదులు గుచ్చినట్టు ఉండటాన్నీ, స్పర్శే లేకపోవడాన్నీ కలిపేసి తిమ్మిరి అనేస్తారు. సూదులు గుచ్చినట్టు, చీమలు పాకినట్టు ఉంటే అది తిమ్మిరి. అసలు ఏమీ తెలియకపోతే అది నమ్, దాన్ని మొద్దుబారింది, స్పర్శ లేదు అని విడిగా చెప్పండి. షుగర్ ఉన్నవాళ్లకి ఈ తేడా మరీ ముఖ్యం, ఎందుకంటే పాదానికి స్పర్శ పోతే ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కరిచినా తెలియక పుండు పడుతుంది. డాక్టర్లు మనల్ని కళ్లు మూసుకోమని, సన్నటి నైలాన్ పోగుని అది వంగేదాకా పాదానికి ఆనించి, తగిలిందా అని అడిగేది ఇందుకే. ముఖంలోనో, చేయి కాళ్లలోనో ఒక పక్క మాత్రమే ఉన్నట్టుండి మొద్దుబారితే మాత్రం అది స్ట్రోక్ కావచ్చు, తగ్గుతుందేమోనని చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.