అసలు పేరు ఎవరికి తెలియాలి? – స్టూడియో చర్చ

యాంకర్: నమస్కారం. సోషల్ మీడియాలో అందరూ సొంత పేరుతోనే ఉండాలని రూల్ పెడితే బూతులు, ఫేక్ ఖాతాలు తగ్గుతాయనే వాదన మళ్లీ వినిపిస్తోంది. వేధింపులకు గురైన మహిళలకు అండగా ఉండే ఒక కౌన్సెలర్, ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, ఒక న్యాయవాది మనతో ఉన్నారు. మేడం, ముందు మీరు చెప్పండి.

కౌన్సెలర్: పెట్టాలనే అంటానండి. మా దగ్గరికొచ్చే ఆడపిల్లలు మొదట అడిగేది "వాడెవడో కనుక్కోండి మేడం" అనే. ఫోటో మార్ఫ్ చేసినవాడికి పేరుండదు, ఊరుండదు. సొంత పేరు పెట్టాల్సొస్తే సగంమంది ఆ పనికి దిగరు.

ఇంజనీరు: దక్షిణ కొరియా కూడా అచ్చం ఇలాగే అనుకుందండి. 2007లో చట్టం తెచ్చారు. పెద్ద సైట్లలో కామెంట్ రాయాలంటే ముందు గుర్తింపు నిరూపించుకోవాలి. పైకి మారుపేరు పెట్టుకోవచ్చు, సైటుకి మాత్రం మీరెవరో తెలియాలి. యూట్యూబ్ దానికి ఒప్పుకోక 2009లో కొరియా సైటులో అప్‌లోడ్లు, కామెంట్లు ఆపేసింది. 2011 జులైలో అక్కడి వెబ్ పోర్టల్ నేట్, సోషల్ సైటు సైవరల్డ్ హ్యాక్ అయ్యాయి. 3.5 కోట్లమంది వివరాలు పోయాయి. ఆ దేశం జనాభాయే అప్పటికి దాదాపు 5 కోట్లు!

యాంకర్: పోనీ, బూతులైనా తగ్గాయా?

న్యాయవాది: అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం చూసింది అదే. చట్టవిరుద్ధమైన పోస్టులు చెప్పుకోదగ్గంతగా తగ్గాయనడానికి ఆధారం లేదంది, జనం విదేశీ సైట్లకు తరలిపోయారంది. 2012 ఆగస్టు 23న ఆ నిబంధనను ఏకగ్రీవంగా కొట్టేసింది.

కౌన్సెలర్: కొరియా సంగతి సరే. ఫేస్‌బుక్ అసలు పేర్లే అడుగుతుందిగా?

ఇంజనీరు: అడుగుతుంది. అక్కడ బూతుల్లేవా మేడం? (నవ్వులు) 2014లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డ్రాగ్ కళాకారుల, అంటే ఎక్కువగా ఆడవేషం కట్టి స్టేజీ ఎక్కేవాళ్ల ఖాతాలు వరసగా ఆగిపోయాయి, స్టేజీ పేర్లు వాడుతున్నారని. తీరా చూస్తే ఎవరో ఒక్కరే కూర్చుని కొన్ని వందల ఖాతాలను ఫేక్ అని రిపోర్ట్ కొట్టారట. అక్టోబరులో క్షమాపణ చెబుతూ కంపెనీ అధికారి క్రిస్ కాక్సే ఈ మాట రాశారు. ఏడిపించాలనుకున్నవాళ్లకు ఆ రూలే పనికొచ్చింది.

న్యాయవాది: మన దగ్గర ఇంకో చిక్కుంది, ఇంటిపేరు. అది చెవిన పడగానే ఊరేది, కులమేది అని లెక్కలు కట్టేవాళ్లు తక్కువేం కాదు. ఆఫీసులో కుల వివక్ష గురించి రాయాలనుకున్న కుర్రాడు పూర్తి పేరుతో రాస్తాడా? అత్తింట్లో దెబ్బలు తింటున్న ఆమె సలహా అడగాలంటే? ఆమె మీకే బాగా తెలుసు మేడం.

కౌన్సెలర్: తెలుసు. సొంత పేరుతో ఒక్క ముక్క రాయదు. కానీ ఆ చాటు మార్ఫింగ్ చేసేవాడికీ దొరుకుతోంది కదండీ, నా బాధ అది.

న్యాయవాది: వాడు పోలీసులకు దొరకాలి, నిజమే. దానికి ఆమె పేరు లోకానికి చూపించక్కర్లేదు. ఫోన్ నంబరు, ఏ నెట్ కనెక్షన్ నుంచి వచ్చారో చెప్పే ఐపీ అడ్రస్ లాంటివి కంపెనీ దగ్గర ఉంటాయి, దర్యాప్తు అధికారి చట్టప్రకారం అడిగి తీసుకోవచ్చు. మన 2021 ఐటీ నిబంధనలు కూడా పెద్ద వేదికలు ఖాతా ధ్రువీకరణ సౌకర్యం ఇవ్వాలన్నాయి, అదీ ఇష్టమున్నవాళ్లకే. 2017 డిసెంబరులో ఫేస్‌బుక్ కొత్తగా చేరేవాళ్లలో కొందరిని ఆధార్‌లో ఉన్న పేరు పెట్టమంది. గొడవయ్యాక, అది చిన్న ప్రయోగమేనంది.

కౌన్సెలర్: ఫోటో ఎన్ని గంటల్లో తీసేస్తారో అది చెప్పండి సర్, ముందు.

న్యాయవాది: ఫిర్యాదు అందిన 24 గంటల్లో తీసేయాలని 2021లోనే నిబంధనల్లో రాశారు, 2026లో ఆ గడువును ఇంకా తగ్గించారు. మార్ఫింగ్ ఫోటోలూ అందులోకి వస్తాయి.

కౌన్సెలర్: రాశారండి. మేం ఫిర్యాదు పెడితే "మా నియమాలకు విరుద్ధంగా ఏమీ లేదు" అని మెషీన్ జవాబొస్తుంది. ఈలోపు ఆ ఫోటో కాలేజీ గ్రూపులన్నీ తిరిగేసుంటుంది.

యాంకర్: ఆ ఫిర్యాదులు చూసేదెవరు, తెలుగు చదవగలిగినవాళ్లు అక్కడున్నారా? చిన్న విరామం తర్వాత అడుగుదాం.