మిరియపు గింజ అద్దె

హోస్ట్: అక్కా, రికార్డింగ్ మొదలైంది. టీ పక్కన పెట్టేస్తారా?

అతిథి: పెట్టను, చల్లారిపోతుంది. నువ్వడుగు.

హోస్ట్: లండన్‌లో ఫ్లాట్ కొన్నానంటే మా నాన్న మొదట అడిగింది, "భూమిలో నీ వాటా ఎన్ని గజాలు?" అని. నాకు నోట మాట రాలేదు.

అతిథి: సున్నా గజాలు అని చెప్పాల్సింది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అయితే రిజిస్ట్రేషన్ కాగితంలో అవిభక్త వాటా ఇన్ని గజాలని రాస్తారు. ఇంగ్లండ్, వేల్స్‌లో ఫ్లాట్ అంటే దాదాపుగా లీజే. 99 ఏళ్లో, 125 ఏళ్లో. నేల, పైకప్పు, మెట్లు ఫ్రీహోల్డర్‌వి, అంటే భవనం అసలు యజమానివి.

హోస్ట్: మీకు కొన్నప్పుడే తెలుసా?

అతిథి: లీజని తెలుసు. 2019లో లండన్‌లోని హారోలో కొన్నాం, 84 ఏళ్లు మిగిలున్నాయి. "మీ జీవితకాలానికి చాలదా?" అన్నాడు ఏజెంట్. మేమూ నవ్వేశాం. 80 అనే గీత ఒకటుందని ఇద్దరికీ తెలియదు.

హోస్ట్: ఆ గీత దాటితే ఏమవుతుంది?

అతిథి: లీజు పొడిగిస్తే ఫ్లాట్ విలువ పెరుగుతుంది కదా. మిగిలింది 80 ఏళ్ల లోపు అయితే, ఆ పెరుగుదలలో సగం ఫ్రీహోల్డర్‌కి కట్టాలి. 80 పైన ఉంటే అక్కర్లేదు. దీన్ని మ్యారేజ్ వాల్యూ అంటారు. పేరు పెళ్లిది, తీరు కట్నానిది.

హోస్ట్: మరి మీరు బయటపడ్డారా?

అతిథి: ఏడు నెలల తేడాతో. అప్పట్లో కొన్న రెండేళ్లకి గానీ పొడిగింపు అడిగే హక్కు లేదు. ఆ నియమం 2025 జనవరిలో ఎత్తేశారు. రెండేళ్లయ్యాక కూడా మేం చూద్దాంలే, చేద్దాంలే అని తాత్సారం చేశాం. చివరికి ఓ సొలిసిటర్ చెప్పిందేమిటంటే, 1993 చట్టం కింద పొడిగింపు కోరుతూ సెక్షన్ 42 నోటీసు ఇచ్చిన రోజునే లెక్క ఆగిపోతుంది. బేరం ఏడాది సాగినా ఫరవాలేదు, నోటీసు నాటికి ఎన్నేళ్లున్నాయన్నదే లెక్క. ఆ మాట విన్నాకే నాకు నిద్ర పట్టింది.

హోస్ట్: నోటీసు తర్వాత?

అతిథి: ఎదుటివాళ్లకి కనీసం రెండు నెలల గడువిస్తాం, వాళ్లు జవాబు నోటీసిస్తారు. ధర కుదరకపోతే ట్రిబ్యునల్. తమాషా ఏంటంటే, వాళ్ల లాయర్ ఫీజు, విలువ కట్టే వాల్యుయర్ ఫీజు కూడా సబబైన మేరకు మనమే కట్టాలి! మనకి దక్కేది, మిగిలిన ఏళ్ల మీద ఇంకో 90 ఏళ్లు, గ్రౌండ్ రెంట్, అంటే ఫ్రీహోల్డర్‌కి కట్టే నేల అద్దె, ఒక్క మిరియపు గింజ.

హోస్ట్: నిజంగా మిరియమేనా?

అతిథి: కాగితం మీద అదే మాట, పెప్పర్‌కార్న్. అంటే సున్నా. ఇంతవరకు ఎవరూ వచ్చి అడగలేదు. అడిగితే పోపుల డబ్బాలోంచి తీసిస్తా.

హోస్ట్: అందరూ కలిసి ఫ్రీహోల్డే కొనేయొచ్చు కదా?

అతిథి: కొనొచ్చు. కనీసం సగం ఫ్లాట్లవాళ్లు చేరాలి. కింద దుకాణాలుంటే అవి పావు వంతు మించకూడదనేవారు, 2025 మార్చి నుంచి సగం దాకా ఒప్పుకుంటున్నారు. మా స్నేహితురాలి బిల్డింగ్‌లో 12 ఫ్లాట్లు. ఆరుగుర్ని కూడగట్టేసరికి దానికి తల ప్రాణం తోకకొచ్చింది. ఒకాయన దుబాయ్‌లో ఉంటాడు, ఫోనెత్తడు. ఇంకొకావిడ ప్రతి మీటింగ్‌కీ వస్తుంది, డబ్బు మాట రాగానే వెళ్లిపోతుంది. కొన్నాక 999 ఏళ్ల లీజులు వాళ్లకి వాళ్లే రాసుకున్నారు. కానీ పైకప్పు కారితే ఇప్పుడు తిట్టుకోవడానికి ఓనరంటూ వేరే ఎవరూ లేరు. సర్వీస్ ఛార్జీ కట్టని పక్కింటివాడి తలుపు కూడా తనే కొట్టాలి.

హోస్ట్: 2024లో కొత్త చట్టం వచ్చిందిగా, పొడిగింపు 990 ఏళ్లు, మ్యారేజ్ వాల్యూ రద్దు అని. ఆగితే నయమా?

అతిథి: చట్టం వచ్చింది, నువ్వు చెప్పిన రెండూ ఇంకా అమల్లోకి రాలేదు. ఇప్పటికే 80 కిందికి పడి, అమ్మే తొందర లేనివాళ్లు ఆగినా అర్థముంది. గీతకి దగ్గర్లో ఉన్నవాళ్లు ఆగడం నాకు నచ్చదు. నీదెంతుంది?

హోస్ట్: ఆగండి, ఫోన్‌లో ఉంది... 2008 నుంచి 99.

అతిథి: అంటే 2107 దాకా. 2027లో గీత దాటుతుంది. ఏ నెలో చూడు. ఇదిగో, ఇప్పుడు టీ పక్కన పెడుతున్నా.