తకిటకూ తకకూ మధ్య పుట్టిన పాట: న్యూ ఆర్లీన్స్ రికార్డులను వినే పద్ధతి

(తెరపై: నల్లని తెర. చప్పట్ల శబ్దం మాత్రమే వినిపిస్తుంది.)

వ్యాఖ్యానం: నాలుగు వరకు లెక్కపెడుతూ చప్పట్లు కొట్టమంటే మనలో చాలామంది ఒకటి దగ్గరా, మూడు దగ్గరా గట్టిగా కొడతాం. ఇప్పుడు ఆ రెండు చోట్లా చేతులు ఆపి, రెండు దగ్గరా, నాలుగు దగ్గరా మాత్రమే కొట్టి చూడండి. మనిషిని కాస్త వెనక్కి లాగి వదిలినట్టుగా ఒళ్లు ఊగుతుంది. ఈ వెనుక దెబ్బనే అమెరికా వాద్యకారులు బ్యాక్‌బీట్ అంటారు.

(తెరపై: నాలుగు చుక్కలు. ఒక్కో చుక్క మొదట మూడు ముక్కలుగా, తరువాత రెండు ముక్కలుగా విడిపోతుంది.)

ఇక రెండో విషయం. ఒక్కో దెబ్బను లోపల మూడు భాగాలు చేస్తే మనవాళ్లు తకిట అంటారు, రెండు భాగాలు చేస్తే తక అంటారు. తకిటలో మధ్య అక్షరాన్ని మింగేసి మొదటిదీ చివరిదీ మాత్రమే పలికితే, కుంటుతూ నడిచినట్టుండే ఒక నడక వస్తుంది. దాని పేరు షఫుల్. 1940లలో నల్లజాతి అమెరికన్లు నాట్యానికి వాయించుకున్న బ్లూస్ చాలావరకు ఈ నడకలోనే సాగింది. పదేళ్లు తిరిగేసరికి అదే సంగీతం సూటిగా తక తక అని పరుగెత్తసాగింది. నాకు అన్నింటికన్నా ఇష్టమైన రికార్డులు ఈ రెంటికీ మధ్య కాలంలో వచ్చినవి. పాత నడక ఇంకా పోకుండా, కొత్త నడక ఇంకా స్థిరపడకుండా, రెండూ ఒకే పాటలో పెనుగులాడుతున్నవి.

(తెరపై: న్యూ ఆర్లీన్స్ పటం. ర్యాంపార్ట్, డుమైన్ వీధుల కూడలి.)

ఆ పెనుగులాట ఎక్కువగా అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరంలో ఒకే గదిలో జరిగింది. కాసిమో మటాసా అనే యువకుడు 1945లో తమ కుటుంబం నడుపుతున్న దుకాణం వెనుక గదిలో జె అండ్ ఎం స్టూడియో ప్రారంభించాడు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. చిన్న గది, కొద్దిపాటి మైకులు. వాద్యకారులు ఎవరు ఎక్కడ నిలబడాలో సరిచూసుకోవడమే శబ్దాల పాళ్లు కుదుర్చుకోవడం. పాడేవాడూ వాయించేవాళ్లూ అందరూ ఒక్కసారే, ఒకే గాలిలో రికార్డయ్యేవారు. ఈ రికార్డులలో డ్రమ్ము దెబ్బ శాక్సోఫోన్ వెనుక నుంచి కాక, దాని పక్క నుంచే వస్తున్నట్టు అనిపించడానికి ఆ ఇరుకు కూడా ఒక కారణమని నేను నమ్ముతాను.

(తెరపై: నిమిషానికి 78 సార్లు తిరిగే పాతకాలపు రికార్డు. శబ్దం: ఫ్యాట్స్ డొమినో, "ది ఫ్యాట్ మ్యాన్".)

1949 డిసెంబరు 10న ఫ్యాట్స్ డొమినో అనే గాయకుడు ఆ గదిలో తన తొలి రికార్డింగు కోసం పియానో ముందు కూర్చున్నాడు. అతని వయసు ఇరవై ఒకటి. బృందాన్ని నడిపించినవాడు ట్రంపెట్ విద్వాంసుడు డేవ్ బార్తలమ్యూ. డ్రమ్ములు వాయించినవాడు ఎర్ల్ పామర్. అంతకు ఆరు నెలల క్రితమే బిల్‌బోర్డ్ అనే సంగీత వ్యాపార పత్రిక నల్లజాతివారి రికార్డులకు వాడే "రేస్ రికార్డ్స్" అనే పాత శీర్షికను తీసేసి, ఈ సంగీతానికి "రిథమ్ అండ్ బ్లూస్" అని పేరు పెట్టింది. పాట వరుస పాతదే, ఛాంపియన్ జాక్ డుప్రీ అంతకు ముందు పాడిన ఒక బ్లూస్‌కు కొత్త మాటలు కట్టారు. కొత్తదనం డ్రమ్ములో ఉంది. న్యూ ఆర్లీన్స్ జాజ్ బృందాలు గట్టి వెనుక దెబ్బను పాట ముగింపుకు వచ్చాక, అందరూ కలిసి హోరెత్తించే ఆఖరి ఆవృత్తానికి దాచుకునేవి. ఈ పాటకు ఆ బలం మొదటి నుంచీ అవసరమనిపించి ఆది నుంచి అంతం దాకా అలాగే వాయించానని పామర్ తరువాత చెప్పాడు. పండుగ చివరి రోజు ఊపును పొద్దున్నే మొదలుపెట్టడం వంటిది అది.

ఇక్కడ మనకు చెందిన ఒక సంగతి చెప్పాలి. ఆనాటి 78 వేగపు రికార్డులను గట్టిగా పట్టి ఉంచిన షెల్లాక్ అనేది మన లక్క నుంచే తయారవుతుంది, దాని ప్రధాన సరఫరాదారు భారతదేశమే. ఏటికొప్పాక బొమ్మలకు నునుపు తెచ్చే ఆ లక్కే దూరదేశపు పాటలను కూడా మోసిందని తెలిసిన రోజున నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

(శబ్దం: లాయిడ్ ప్రైస్, "లాడీ మిస్ క్లాడీ".)

1952 మార్చిలో అదే గదిలో లాయిడ్ ప్రైస్ పాడిన ఈ పాటలో పియానో మీద ఉన్నది డొమినోయే. అతని కుడి చేతిని మాత్రమే వినండి: తకిట, తకిట, తకిట, తకిట. మింగేసిన మధ్య అక్షరం కూడా ఇక్కడ స్పష్టంగా పలుకుతుంది. పాత నడక అందం ఇంత నిండుగా వినిపించే రికార్డు మరొకటి నాకు తెలియదు.

(తెరపై: 1955 సెప్టెంబరు 14. శబ్దం ఆగిపోతుంది.)

లిటిల్ రిచర్డ్ ఆ వారం న్యూ ఆర్లీన్స్‌కు వచ్చినప్పుడు అతనికి ఇరవై రెండేళ్లు. జార్జియా రాష్ట్రంలోని మేకన్ పట్టణంలో బస్ స్టేషన్ వంటగదిలో అంట్లు తోమి బతుకుతున్న గాయకుడు. స్పెషాల్టీ రికార్డు కంపెనీ తరపున వచ్చిన నిర్మాత బంప్స్ బ్లాక్‌వెల్ అతని చేత బ్లూస్ పాటలు పాడించాడు కానీ, అవేవీ బ్లాక్‌వెల్ మనసుకు ఎక్కలేదు. భోజన విరామంలో డ్యూ డ్రాప్ ఇన్ అనే క్లబ్బుకు వెళ్లినప్పుడు రిచర్డ్ అక్కడి పియానో ముందు కూర్చుని, రాత్రి క్లబ్బులలో మాత్రమే పాడదగిన ఒక బూతు పాటను గొంతెత్తి అందుకున్నాడు. బ్లాక్‌వెల్ వెంటనే గుర్తుపట్టాడు: తాను రెండు రోజులుగా వెతుకుతున్నది ఇదే. డొరతీ లాబోస్ట్రీ అనే రచయిత్రి మాటలు మార్చి ఇచ్చేసరికి స్టూడియో సమయం పావుగంటే మిగిలింది. పియానో వాద్యకారుడికి పాట నేర్పే వ్యవధి లేక రిచర్డే వాయించాల్సి వచ్చింది. ఈ చరిత్రలో నాకు అన్నింటికన్నా విలువైన అవసరం అదే.

(శబ్దం: "టుట్టీ ఫ్రుట్టీ", మొదటి అరుపు నుంచి.)

ఎందుకంటే ఆ కుడి చేయి తకిట అనడం లేదు. తక తక తక తక అంటూ మీటలను సమానంగా మోదుతోంది. పాట మొదట్లోని అర్థం లేని అక్షరాలు కూడా డ్రమ్ము దెబ్బలను నోటితో జతులుగా పలికినట్టే ఉంటాయి. వెనుక పామర్ చేతులలో మాత్రం షఫుల్ వాసన ఇంకా పోలేదు. ఒక చేయి సూటిగా, మరో చేయి వంపుగా నడుస్తుంటే ఆ రెండింటి మధ్య కొద్దిపాటి సందు మిగులుతుంది. వినేవాడి కాలు ఆ సందులోనే కదులుతుంది. ప్యాట్ బూన్ అనే శ్వేతజాతి గాయకుడు కొద్ది నెలలలోనే ఇదే పాటను మెత్తబరచి పాడగా, అది పాటల ఆదరణను వరుస సంఖ్యలతో చూపే పాప్ పట్టికలో రిచర్డ్ రికార్డు కన్నా పైకి చేరింది. రెండింటినీ పక్కపక్కన వినిపిస్తాను. బూన్ రికార్డులో వరుస ఉంది, మాటలు ఉన్నాయి, ఆ సందు మాత్రం లేదు. పట్టికలో పైకి చేరినది అదే కావడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

(శబ్దం: "లూసిల్".)

1957లో విడుదలైన ఈ పాటకు వచ్చేసరికి పెనుగులాట ముగిసింది. మంద్ర స్థాయిలో శాక్సోఫోన్లు ఒకే వరుసను పదే పదే తవ్వుతుంటే, డ్రమ్ములు కూడా పూర్తిగా తక తక అంటున్నాయి. రిచర్డ్ కుడి చేతితో సరితూగడానికి ప్రయత్నించడం వల్లనే తాను ఈ వాయింపులోకి వచ్చానని పామర్ చెప్పుకున్నాడు. నేటికీ రాక్ బృందాలలోని డ్రమ్మరు చేతులలో వినిపించేది ఆ సర్దుబాటే.

(శబ్దం: "జానీ బీ గూడ్".)

పెనుగులాట న్యూ ఆర్లీన్స్‌లో తీరినా, షికాగోలో ఇంకా సాగుతూనే ఉంది. 1958లో చెస్ రికార్డు కంపెనీ కోసం రికార్డు చేసిన ఈ పాటలో చక్ బెర్రీ గిటారు సూటిగా పరుగెత్తుతుంది. ఫ్రెడ్ బిలో డ్రమ్ములు జాజ్ వాడి ఊపుతో ఊగుతాయి. 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకల బంగారు రికార్డుపై దీన్ని కూడా చేర్చినప్పుడు, ఆ రెండు నడకల మధ్య సందు సైతం భూమి దాటి వెళ్లింది.

(తెరపై: ర్యాంపార్ట్ వీధిలోని భవనం.)

ఆ స్టూడియో 1956లో మరో వీధికి మారింది. పాత గది ఉన్న చోట తరువాతి కాలంలో బట్టలు ఉతికే యంత్రాల దుకాణం వెలిసింది. పామర్ 1957లో లాస్ ఏంజెలస్ వెళ్లి, అక్కడ అసంఖ్యాకమైన రికార్డులకు డ్రమ్ములు వాయించాడు. మనం ఇప్పుడు విన్న రికార్డుల లేబుళ్లపై గాయకుడి పేరు, కంపెనీ పేరు, పాట రాసినవారి పేర్లు ఉంటాయి. డ్రమ్మరు పేరు ఉండదు. అందుకే "ది ఫ్యాట్ మ్యాన్"ను మరొక్కసారి మొదటి నుంచి పెడుతున్నాను. ఈసారి పాటను వదిలేసి రెండునూ నాలుగునూ లెక్కపెట్టండి, ఆ రెండు చోట్లా ఉన్నది ఎర్ల్ పామర్.

(శబ్దం: "ది ఫ్యాట్ మ్యాన్". తెరపై రెండో చుక్క, నాలుగో చుక్క మాత్రమే వెలుగుతాయి.)