మా నాయినమ్మ నీళ్ల లెక్క

పెద్దలకు, మేనత్తలకు, చిన్నాయినలకు దండాలు.

పొద్దుటి నుంచి అందరూ మా నాయినమ్మకు ఓపిక ఎక్కువ అంటున్నారు. నేనొప్పుకోను. ఆమెకు ఎక్కువ ఉన్నది లెక్క.

నల్గొండ జిల్లా మర్రిగూడ మండలం వాళ్లకు నీళ్ల గోస కొత్తగా చెప్పాల్సిన పని లేదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉంటే ఆ నీళ్లు తాగొద్దంటారు. మన దిక్కు అంతకు మించిన బోర్లు ఎన్నో. కాచినా పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. నాయినమ్మకు ఈ చదువు లేదు. కానీ వాడకట్టులో నడుములు వంగినవాళ్లను, కాళ్లు వంకరపోయిన పిల్లలను చూసింది. అందుకే మా ఇంట్లో నీళ్లు రెండు తీర్లు. బోరు నీళ్లు స్నానాలకు, బట్టలకు. తాగేందుకు, వంటకు వాన నీళ్లు. చూరు కింద గోలేలు పెట్టించేది. తొలివాన పట్టనిచ్చేది కాదు, పెంకులు కడిగిపోవాలి కదా. ఆ నీళ్లు వడబోసి అర్రలో కుండలకు నింపి మూత పెట్టేది. కొత్త పెళ్లికొడుకుగా వచ్చిన మా పెద్దమామ ఆ కుండ నీళ్లతో కాళ్లు కడుక్కున్నాడట. అల్లుడని చూడలేదు, దులిపేసింది. మామ ఇక్కడే ఉన్నాడు, అడగండి.

గింజల దగ్గరా అంతే. ఆమె చెల్లెను మిర్యాలగూడ దిక్కు ఇచ్చారు. 1967లో సాగర్ కాల్వలకు నీళ్లు వదిలినంక వాళ్లకు వరి, మనకు అవే జొన్నలు, ఆముదాలు. చెల్లె బియ్యం పంపితే నాయినమ్మ ఖాళీ సంచి తిప్పి పంపలేదు, కందులు పోసి పంపింది. ఆ బియ్యం బతుకమ్మకు, సంక్రాంతి సకినాలకు, చుట్టాలొస్తే. మిగతా రోజులు గట్క, పచ్చిపులుసు.

అన్నీ మంచే చెప్తే ఆమె కూడా నవ్వుతది. కొడుకులకు వేసినంత పెరుగు కోడళ్లకు వేయలేదు. అది లెక్క కాదు, పక్షపాతం.

మిషన్ భగీరథ నల్లా వచ్చినంక కూడా కుండలు నింపుడు మానలేదు. ఎందుకే అంటే, "రేపు రాకుంటే నీ ఫోన్ల కెళ్లి పడ్తానవా నీళ్లు?" అన్నది. మోటారు కాలిపోయి నల్లా బంద్ అయిన వారం, వాడకట్టంతా మా ఇంటి ముందే ఉన్నది. అందరికీ తలా ఒక బిందె. రెండో బిందె అడిగితే మాత్రం ఇయ్యలేదు.

ఇగ అమ్మ మాట్లాడుతుంది. పెరుగు సంగతి ఆమె చెప్తేనే బాగుంటది.