నాలుగో రాకెట్‌లో మార్చింది ఒక్కటే

నమస్కారం. ప్రైవేటు సంస్థ రాకెట్ పేలిన ప్రతిసారీ ఒక మాట వినిపిస్తుంది: "లాభాల కోసం తొందరపడితే ఇంతే. ప్రభుత్వ సంస్థలైతే ఇలా జరగదు." ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. 1957 డిసెంబరు 6న అమెరికా ప్రభుత్వపు వాన్‌గార్డ్ రాకెట్ సుమారు 1.2 మీటర్లు లేచి, ప్రయోగ వేదిక మీదే కూలి పేలిపోయింది. 1979 ఆగస్టు 10న మన ఇస్రో రాకెట్ ఎస్‌ఎల్‌వి-3 బంగాళాఖాతంలో పడింది. రెండో దశ (రాకెట్‌లో ఒకదాని తర్వాత ఒకటి మండి విడిపోయే భాగాలే దశలు) నియంత్రణ వ్యవస్థలో నైట్రిక్ ఆమ్లం కారిపోవడమే కారణం. మరుసటి ఏడాది జులైలో అదే ఎస్‌ఎల్‌వి-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది.

కాబట్టి ఎవరి రాకెట్ పేలిందని కాదు, ఎందుకు పేలిందో తెలిసిందా అని అడగాలి. తెలిశాక ఇంకొకటి ఎగరేయడానికి డబ్బు మిగిలిందా అని కూడా అడగాలి.

స్పేస్‌ఎక్స్ తొలి రాకెట్ ఫాల్కన్ 1 కథ చూడండి. పసిఫిక్ మహాసముద్రంలో ఒమెలెక్ అనే చిన్న దీవి నుంచి ఎగరేసేవారు. 2006 మార్చిలో మొదటిది: తుప్పు పట్టిన ఒక అల్యూమినియం నట్టు దగ్గర ఇంధనం కారి మంటలు లేచాయి. అర నిమిషానికే ఇంజను ఆగిపోయింది. ఉపగ్రహం తిరిగి ఆ దీవి మీదే, ఒక షెడ్డు పైకప్పును బద్దలుకొట్టుకుని లోపల పడింది! 2007లో రెండోది అంతరిక్షం దాకా వెళ్లింది గానీ, ట్యాంకులో ద్రవ ఆక్సిజన్ అటూ ఇటూ ఊగి అదుపు తప్పింది.

మూడోది 2008 ఆగస్టులో. నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది ఇదే. మొదటి దశ ఇంజను ఆగింది, దశలు విడిపోయాయి, అంతలోనే మొదటి దశ వెనక నుంచి వచ్చి రెండో దశను గుద్దింది.

ఆగిన ఇంజను ఎలా గుద్దింది? అది కొత్త రకం ఇంజను. గోడల్లోని సన్నని దారుల గుండా ఇంధనాన్నే ప్రవహింపజేసి దాన్ని చల్లబరిచేవారు. కుళాయి కట్టేశాక కూడా గొట్టంలో మిగిలిన నీళ్లు కాసేపు కారతాయి కదా, అలాగే ఆ దారుల్లో మిగిలిన ఇంధనం మండి రాకెట్‌ను ఇంకాస్త ముందుకు నెట్టింది.

మరి నేల మీద పరీక్షించినప్పుడు ఎందుకు దొరకలేదు? ఆ మిగులు మంట పీడనం మన చుట్టూ ఉన్న గాలి పీడనం కన్నా తక్కువ. కారుతున్న కుళాయికి గాలి వేలు అడ్డం పెట్టినట్టయింది. పైన గాలి లేదు, ఆ వేలూ లేదు. నేల మీది మామూలు పరీక్షలో ఈ తప్పు బయటపడదు. దీన్ని నిర్లక్ష్యం అనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

నాలుగో రాకెట్‌లో వాళ్లు మార్చింది ఒక్కటే. ఇంజను ఆగడానికీ దశలు విడిపోవడానికీ మధ్య విరామం పెంచారు, కారేదంతా కారిపోయేలా. రెండు నెలలైనా తిరగకముందే, సెప్టెంబరు 28న, అది కక్ష్య చేరింది. ద్రవ ఇంధనంతో కక్ష్య చేరిన తొలి ప్రైవేటు రాకెట్ అదే. డిసెంబరులో నాసా 160 కోట్ల డాలర్ల సరుకు రవాణా ఒప్పందం ఇచ్చింది. ప్రైవేటు సంస్థను నిలబెట్టిన ఆ పెద్ద ఖాతాదారు ప్రభుత్వమే, గమనించండి.

సమయం అయిపోతోంది, మిగతావి త్వరగా చెబుతాను. 2017 మేలో రాకెట్ ల్యాబ్ అనే ప్రైవేటు సంస్థ మొదటి ఎలక్ట్రాన్ రాకెట్‌ను మధ్యలోనే ఆపేశారు. తప్పు రాకెట్‌ది కాదు, నేల మీది సమాచార పరికరం అమరికది. మరుసటి జనవరిలో రెండోది కక్ష్య చేరింది. వర్జిన్ ఆర్బిట్ అనే మరో ప్రైవేటు సంస్థ నాలుగు ప్రయోగాల్లో గెలిచింది. 2023 జనవరిలో ఇంధనాన్ని వడకట్టే ఒక ఫిల్టరు ఊడిపోవడంతో ఓడింది. కారణం దొరికింది, డబ్బు దొరకలేదు. ఏప్రిల్‌లో దివాలా పిటిషన్ వేసింది.

ఇప్పుడు మారింది ఏమిటంటే, ఒకప్పుడు ఇంజను సముద్రం పాలయ్యేది, చేతికి మిగిలేవి రేడియోలో వచ్చిన అంకెలే. 2015 డిసెంబరులో స్పేస్‌ఎక్స్ రాకెట్ ఫాల్కన్ 9 మొదటి దశ తిరిగి వచ్చి నేల మీద నిలబడింది. ఇప్పుడు ఎగిరొచ్చిన ఇంజనునే విప్పి, ఏ భాగం ఎంత అరిగిందో కళ్లారా చూడవచ్చు. ప్రైవేటు అంతరిక్షయానం మీద నాకున్న నమ్మకంలో సగానికి పైగా దీని వల్లనే.