ఎయిర్‌డేల్ టెర్రియర్: మిల్లు కూలీలు తయారుచేసిన కుక్క

(లీడ్స్‌లో ఉగాది కలయిక సందర్భంగా చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. అధ్యక్షుల వారికి, కార్యదర్శి గారికి, పొద్దున్నుంచీ వంటల దగ్గర నిలబడ్డ అమ్మలకు, బాబులకు, వెనక వరసలో కూర్చున్న పిల్లలకు ఉగాది శుభాకాంక్షలు. ప్రతి ఏడూ ఒక పెద్దవాళ్ల చేత "మనం ఉంటున్న ఊరి చరిత్ర" చెప్పించాలని సంఘం వాళ్లు అనుకున్నారు. ఈసారి నన్ను పిలిచారు. సంతోషం.

నేను గుంటూరు నుంచి బ్రాడ్‌ఫర్డ్‌కి టెక్స్‌టైల్ చదవడానికి వచ్చినవాణ్ణి. తర్వాత ఇక్కడి ఉన్ని మిల్లుల్లోనే పనిచేశాను, అవి ఒక్కొక్కటిగా మూతబడే దాకా. కాబట్టి సాల్టేర్ అనే మిల్లు ఊరి గురించి మాట్లాడతానని మీరు అనుకుని ఉంటారు. 1853లో టైటస్ సాల్ట్ తెరిచిన మిల్లు, పనివాళ్లకు వరసగా కట్టించిన ఇళ్లు, 2001లో యునెస్కో గుర్తింపు, ఇవన్నీ మీ పిల్లలు స్కూల్లోనే చెప్పుకుంటారు. యజమాని పేరే ఊరికి పెట్టారు కాబట్టి ఎవరూ మరిచిపోరు. నేను ఇంకో సంగతి చెబుతాను. అవే రోజుల్లో, అదే ఎయిర్ నది ఒడ్డున, మిల్లుల్లో ఒళ్లు హూనం చేసుకున్న కూలీలు తమ చేతులతో ఒక కుక్క జాతిని తయారుచేశారు. ఎయిర్‌డేల్ టెర్రియర్. టెర్రియర్లన్నిటిలోకీ పెద్దది. ఇవాళ ప్రపంచమంతా ఉంది.

ఉగాది పూట కుక్క గోలేంటని ఎవరైనా అనుకుంటుంటే, కాసేపు ఓపిక పట్టండి. ఎందుకు చెబుతున్నానో మీకే తెలుస్తుంది.

ఆ కాలంలో దొరల వేట వేరు. వాళ్లకు మందలు మందలుగా కుక్కలుండేవి. నదిలో ఆటర్ని, అంటే నీటికుక్కని, వాసన పట్టి తరమడానికి ఆటర్‌హౌండ్లు. అది బొరియలోకి దూరితే బయటికి లాగడానికి చిన్న టెర్రియర్లు. వాటిని చూసుకోవడానికి జీతగాళ్లు. మిల్లు కూలీకి అవన్నీ ఎక్కడివి? ఇంట్లో పిల్లలు తినగా మిగిలిన దానితో ఒక్క కుక్కను మేపగలడు. అందుకే ఆ ఒక్కటే అన్ని పనులూ చేయాలి. ఈదాలి, వాసన పట్టాలి, ఎలుకను చంపాలి, రాత్రి ఇల్లు కాయాలి, పిల్లలతో ఆడాలి. గరుకు వెంట్రుకల నలుపు-గోధుమ టెర్రియర్‌ను ఆటర్‌హౌండ్‌తో కలిపారు. పంతొమ్మిదో శతాబ్దం నడిమి రోజుల మాట ఇది. హౌండ్ నుంచి ముక్కు, ఈత వచ్చాయి. టెర్రియర్ నుంచి చురుకు, మొండి ధైర్యం వచ్చాయి. బొరియలోకి దూరేదే టెర్రియర్ అంటారు కదా, ఇది దూరలేదు, అంత పెద్దది. దూరకపోయినా గుణమంతా టెర్రియర్‌దే.

శనివారం మిల్లు వదిలాక నది ఒడ్డున పోటీలు జరిగేవి. మిల్లుల మధ్య నీళ్లలో, గట్లలో ఎలుకలు విపరీతం. సుమారు మూడు మైళ్ల పొడుగున గట్టు వెంట కుక్కలు నడుస్తాయి. ఎలుక లోపలున్న కన్నం ఏదో, ఖాళీ కన్నం ఏదో కుక్క ముక్కుతో తేల్చాలి. అది చూపించిన కన్నంలోకి ఫెరెట్ అనే సన్నటి పొడుగాటి జంతువుని వదులుతారు. ఎలుక ప్రాణభయంతో నీళ్లలోకి దూకుతుంది. వెనకే కుక్క దూకాలి, ఈది పట్టాలి. కన్నం కనిపెట్టినందుకు కొన్ని మార్కులు, పట్టినందుకు కొన్ని. చుట్టూ జనం, పందేలు.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. కన్నం దగ్గర కుక్కకు ఎవరూ ఏమీ చెప్పలేరు. యజమానికి ఎలుక వాసన రాదు. ఇందులో ఉంది, అందులో లేదు అని తేల్చాల్సింది కుక్కే. యజమాని ముఖం చూసి, ఆయన చెప్పేదాకా ఆగే కుక్క ఆ పోటీలో ఓడిపోతుంది. తన బుద్ధితో తాను నిర్ణయించుకునే కుక్క గెలుస్తుంది. గెలిచిన కుక్క పిల్లల్నే ఉంచుకున్నారు, పెంచారు. తరాల తరబడి అదే జరిగింది. ఇవాళ ఎయిర్‌డేల్‌ని "మాట వినదు, మొండిది" అని తిట్టేవాళ్లు దీన్ని మరిచిపోతున్నారు. ఆ మొండితనం కావాలని, ఏరి ఏరి పెంచినది.

తర్వాతి సంగతులు త్వరగా చెబుతాను. మొదట్లో దీన్ని వాటర్‌సైడ్ టెర్రియర్ అనేవాళ్లు, అదే నది ఒడ్డున ఉన్న బింగ్లీ ఊరి పేరుతో బింగ్లీ టెర్రియర్ అనేవాళ్లు. 1864లో ఎయిర్‌డేల్ వ్యవసాయ సంఘం ప్రదర్శనలో పెట్టారు. 1886లో కుక్క జాతులను నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఎయిర్‌డేల్ టెర్రియర్ అన్న పేరుతో గుర్తించింది. 1897లో పుట్టిన మాస్టర్ బ్రయర్ అనే కుక్కను ఈ జాతికి మూలపురుషుడిగా చెప్పుకుంటారు. చూడండి, కుక్క పేరు పుస్తకాలకెక్కింది. బహుమతులిచ్చిన దొరల పేర్లూ ఎక్కాయి. ఈనిన పిల్లల్లో ఏది ఉంచాలో చలిలో కూర్చుని తేల్చిన కూలీల్లో ఎంతమంది పేర్లు మనకు తెలుసు? మిల్లులో పనిచేసినవాణ్ణి కదా, నాకిది కడుపులో మంట. బట్ట మీద యజమాని ముద్ర పడుతుంది, నేసినవాడి పేరు పడదు. కుక్క విషయంలోనూ అదే జరిగింది.

రూపం గురించి చెప్పాలి. మగది 58 నుంచి 61 సెంటీమీటర్ల ఎత్తు, ఆడది కాస్త తక్కువ. బరువు పాతిక కిలోలు అటూఇటూ. తల పొడుగు, నెత్తి చదును. చెవులు చిన్నవి, మడిచి పక్కలకు వాలి ఉంటాయి. కళ్లు చిన్నవి, నల్లవి, మనిషిని నిలదీసినట్టు చూస్తాయి. మూతి చుట్టూ గడ్డం. నీళ్లు తాగి వచ్చి ఆ గడ్డం మీ పంచెకు తుడుస్తుంది. తల, కాళ్లు గోధుమ రంగు, వీపు మీద జీను వేసినట్టు నలుపు. పిల్లగా పుట్టినప్పుడు దాదాపు నల్లగానే ఉండి, పెరిగేకొద్దీ గోధుమ రంగు తేలుతుంది. తోక నిటారుగా పైకి. పూర్వం తోక కొంత కత్తిరించేవాళ్లు. ఇంగ్లండులో 2007 నుంచి దాన్ని నిషేధించారు, పనిచేసే కుక్కల్లో కొన్నిటికి మాత్రమే మినహాయింపు. మంచి పని చేశారు.

వెంట్రుక పైపొర కొబ్బరిపీచులా గరుకు, లోపలి పొర మెత్తన. నది చల్లదనం లోపలికి దిగకుండా ఆ రెండు పొరలూ కాపాడేవి. ఈ జుట్టును కత్తిరించకూడదు, పీకాలి. బింగ్లీలో మా పక్కింటి పెద్దాయన, ఉన్ని దువ్వే సెక్షన్‌లో జీవితమంతా పనిచేసినాయన, తన కుక్కను బల్ల మీద నిలబెట్టి నాకు చూపించారు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నాలుగు వెంట్రుకలు పట్టుకుని, పెరిగిన దిక్కుగా లాగాలి. ముదిరిన వెంట్రుక అయితే ఇట్టే ఊడొస్తుంది, కుక్క కదలను కూడా కదలదు. పచ్చి వెంట్రుకను లాగితే తల తిప్పి చూస్తుంది, అప్పుడు ఆపాలి. ఏడాదికి రెండుసార్లు ఇలా చేస్తే కొత్త జుట్టు అదే గరుకుతో, అదే నలుపుతో వస్తుంది. మెషిన్ పెట్టి గొరిగిస్తే పైపొర మెత్తబడుతుంది, నలుపు వెలిసిపోతుంది. ఆయన వేళ్లకు ఆ నేర్పు ఉన్ని నుంచి వచ్చింది. నాకూ అంతే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇది చెప్పడానికే ఇవాళ ఒప్పుకున్నాను.

లాక్‌డౌన్ రోజుల్లో మనవాళ్లే ఒక కుటుంబం పిల్లల కోసం ఎయిర్‌డేల్ పిల్లను కొన్నారు. పేర్లు చెప్పను, అడగకండి. మంచివాళ్లు. ఇంటర్నెట్‌లో ఫొటో చూసి, డబ్బు కట్టి, ఒక కార్ పార్కింగ్‌లో పిల్లను చేతికి తీసుకున్నారు. తల్లిని చూడలేదు. ఈ దేశంలో 2020 ఏప్రిల్ నుంచి చట్టం మారింది. ఆరు నెలలలోపు పిల్లను మధ్యవర్తి అమ్మకూడదు. పెంచినవాళ్ల దగ్గరికే వెళ్లి, తల్లి పక్కన పిల్లను చూసి కొనుక్కోవాలి. ఎనిమిది వారాలు నిండకుండా అమ్మకూడదు. ఇవేవీ వాళ్లకు తెలియదు. వాళ్లు తెలుసుకోలేదు, అమ్మినవాడు చెప్పలేదు.

పిల్లకు లియో అని పేరు పెట్టారు. కొన్నాళ్లు ముద్దు. ఏడాది తిరిగేసరికి లియో లాన్ అంతా తవ్వేశాడు. ఉడతను చూస్తే పట్టుకున్నవాళ్లను పడేసి పరిగెత్తేవాడు. ఇద్దరూ ఇంట్లోనే ఆఫీసు పని, మీటింగ్‌లు, టెన్షన్. వాణ్ణి రోజంతా గార్డెన్‌లో వదిలి తలుపు వేసేవాళ్లు. తర్వాత ఒక ట్రైనర్‌ని పిలిచారు. అతను గొలుసు మెడకు బిగించి లాగి లాగి "దీనికి యజమానెవరో తెలియాలి" అన్నాడట. లియో ఒకరోజు అతని చెయ్యి పట్టుకున్నాడు. కరవలేదు, పట్టుకుని వదిలేశాడు. అంతే, "తిక్క కుక్క" అని ముద్ర వేశారు. వాట్సాప్ గ్రూపులో "ఎవరైనా తీసుకుంటారా" అని మెసేజ్ పెట్టారు. దాని కింద నవ్వే బొమ్మలు పెట్టినవాళ్లు ఈ హాల్లో ఉన్నారు. నాకు ఆ రోజు చాలా బాధేసింది. ఇవాళా బాధగానే ఉంది.

వాణ్ణి నేను తెచ్చుకున్నాను. తీసుకొచ్చిన కొత్తలో కాలవ గట్టు వెంట నడిపిస్తుంటే ఒకచోట హఠాత్తుగా ఆగిపోయాడు. ముందు కాలు ఒకటి పైకెత్తి, తల పక్కకు వంచి, గట్టులో ఉన్న కన్నాన్ని చూస్తున్నాడు. పక్కనే ఇంకో మూడు కన్నాలున్నాయి, వాటి మొహం కూడా చూడలేదు. తోక చివర మాత్రం సన్నగా వణుకుతోంది. వాడికి ఎవరూ నేర్పలేదమ్మా. వాడి అమ్మకీ ఎవరూ నేర్పి ఉండరు. నూట యాభై ఏళ్ల కిందటి శనివారం పోటీ వాడి ఒంట్లో ఉంది. మనవాళ్ల లాన్ తవ్వింది కూడా ఆ పనే. వాడికి తెలిసిన పని వాడు చేశాడు. దానికి గొలుసు బిగించారు.

కొట్టి నేర్పేది కాదని నేను చెబితే నమ్మకపోతే, సైన్యం మాట వినండి. ఎడ్విన్ రిచర్డ్‌సన్ అని బ్రిటిష్ సైనికాధికారి ఉండేవాడు. రష్యా-జపాన్ యుద్ధం, 1904-05, అప్పుడు రష్యన్లు అడిగితే గాయపడ్డవాళ్లను వెతకడానికి ఎయిర్‌డేల్స్‌ను పంపించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1917లో షూబరీనెస్‌లో యుద్ధ కుక్కల బడి పెట్టాడు. లండన్‌లోని బ్యాటర్సీ కుక్కల ఆశ్రమం నుంచి, మామూలు ఇళ్ల నుంచి వచ్చిన కుక్కలకు ఉత్తరాలు మోయడం నేర్పాడు. వాటిలో ఎయిర్‌డేల్స్ ముఖ్యమైనవి. మెడపట్టీకి చిన్న రేకు గొట్టం, అందులో కాగితం. ట్రెంచ్‌లో టెలిఫోన్ తీగలు తెగిపోతే, మనిషి పోతే బతకని చోట, కుక్క ఒంటరిగా పరిగెత్తి వెనక ఉన్న తన మనిషిని చేరుకోవాలి. దారిలో ఎవరూ చెప్పేవాళ్లుండరు. బాంబు గుంత వస్తే చుట్టూ తిరగాలా, దూకాలా, కుక్కే తేల్చుకోవాలి. నది గట్టు మీద కన్నం తేల్చుకున్న బుద్ధే అక్కడ పనికొచ్చింది. రిచర్డ్‌సన్ పద్ధతి బెదిరింపు కాదు. ఆలస్యంగా వచ్చిన కుక్కనైనా దండించకూడదు, లాలించాలి. తిరిగివస్తే దెబ్బలు పడతాయని తెలిసిన కుక్క నిప్పుల్లో నుంచి ఎందుకు తిరిగొస్తుంది? యుద్ధంలో ఉన్న సైన్యానికి ఆ ఓపిక ఉంది. మనకు, సోఫాలో కూర్చున్నవాళ్లకు, లేదా?

అమెరికా అధ్యక్షుడు వారెన్ హార్డింగ్‌కు ల్యాడీ బాయ్ అని ఎయిర్‌డేల్ ఉండేది. క్యాబినెట్ సమావేశాల్లో దానికంటూ ఒక కుర్చీ. 1923లో హార్డింగ్ చనిపోయాక పేపర్ వేసే కుర్రాళ్లు తలా ఒక పెన్నీ ఇచ్చారు, 19,134 పెన్నీలు, వాటిని కరిగించి ఆ కుక్క విగ్రహం పోయించారు. ఇవాళ అది స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. అధ్యక్షుడి కుర్చీ కథే అందరూ చెబుతారు. నాకు ఆ కుర్రాళ్ల పెన్నీలే నచ్చాయి. మిల్లు కూలీల కుక్కకు పేపర్ కుర్రాళ్ల డబ్బుతో విగ్రహం.

కార్యదర్శి గారూ, రెండు నిమిషాలు. ముగించేస్తాను.

ఇక్కడున్న తల్లిదండ్రులకు చేతులెత్తి నమస్కరించి అడుగుతున్నాను. ఎయిర్‌డేల్ మీ పిల్లలతో బ్రహ్మాండంగా ఉంటుంది. చాలా ఏళ్లు వచ్చినా దాని చిన్నతనం పోదు. ఇల్లు కాస్తుంది. వెంట్రుక పెద్దగా రాల్చదు. తెలివైనది, ఒక్క పూటలో నేర్చుకుంటుంది. కానీ అదే పని పదిసార్లు చేయమంటే విసుక్కుని పోతుంది, అప్పుడు పని మార్చాలి. చిన్న పిల్లల్ని ఆటలో తోసేస్తుంది, పక్కన పెద్దవాళ్లుండాలి. పిల్లుల్ని, ఉడతల్ని తరుముతుంది. పొద్దునా సాయంత్రం బాగా నడిపించాలి, వాసనలు వెతికే ఆటలు పెట్టాలి, తవ్వుకోవడానికి ఒక మూల ఇచ్చేయాలి. పది పన్నెండేళ్లు ఈ పని ఉంటుంది. ఇది వీలు కాకపోతే కొనకండి. దయచేసి కొనకండి. మీ పిల్లవాడు ఎంత ఏడ్చినా సరే. కొనేటట్టయితే తల్లిని చూడకుండా పైసా ఇవ్వకండి. పార్కింగ్‌లో ఇస్తాను, మోటార్‌వే దగ్గర ఇస్తాను అన్నారంటే వెనక్కి వచ్చేయండి, కౌన్సిల్‌కి ఫోన్ చేయండి.

సంఘం వాళ్లకు ఒక విన్నపం. పిల్లల్ని ప్రతి ఏడూ సాల్టేర్ తీసుకెళ్తున్నారు. అక్కణ్ణుంచి బింగ్లీ ఎంతో దూరం లేదు. మిల్లు చూపించిన రోజే ఆ నది గట్టు కూడా చూపించండి. యజమాని ఏం కట్టాడో చూశాక, ఆయన దగ్గర కూలి చేసినవాళ్ల లాంటివాళ్లు ఏం తయారుచేశారో కూడా తెలియాలి. నడిచి చూపించే పని నాది.

లియో మొదటి ఇంటివాళ్లు ఇవాళ వచ్చారో లేదో నేను చూడలేదు. వచ్చి ఉంటే, అమ్మా, బాబూ, మీ మీద నాకు కోపం లేదు. మీ పిల్లలు వాణ్ణి చూడాలని అడుగుతున్నారని ఎవరో చెప్పారు. తీసుకురండి. వచ్చే శనివారం పొద్దున పదింటికి బింగ్లీ ఫైవ్ రైజ్ లాక్స్, అంటే కాలవ మీద మెట్లలా ఉన్న అయిదు లాకుల దగ్గర వాడూ నేనూ ఉంటాం, ఎవరైనా రావచ్చు. రాగానే వాడి తల మీద చెయ్యి వేయకండి, ముందు వాసన చూడనివ్వండి. కాలవ దారి బురదగా ఉంటుంది, పాత బూట్లు వేసుకు రండి.